గంటల లెక్క రాయండి, కలుసుకునే చోటు ఇవ్వండి: అట్లాంటా తెలుగు సంఘాలకు, కుటుంబాలకు బహిరంగ లేఖ

అట్లాంటా పరిసరాల్లోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, ఇంట్లో నానీనో, క్లీనింగ్ మనిషినో, పెద్దవాళ్ల కోసం కేర్‌గివర్‌నో పెట్టుకున్న కుటుంబాలకు నమస్కారం.

ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్, కమ్మింగ్, సువానీ, డులూత్. ఈ ఊళ్లలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో చంటిపిల్లల్ని పగలంతా చూసుకునేవాళ్లలో, మంచం పట్టిన పెద్దవాళ్లకు స్నానం చేయించేవాళ్లలో చాలామంది నల్లజాతి మహిళలు. కొందరు జార్జియాలోనే పుట్టి పెరిగినవాళ్లు, కొందరు జమైకా, హైతీల నుంచి, మరికొందరు నైజీరియా, ఘనాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల పని షరతుల గురించే ఈ లేఖ. మేం అడిగేవి మూడు. ప్రతి ఇంట్లో పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఇచ్చే జీతం పన్ను లెక్కల్లో కనబడాలి. వాళ్లు సంఘంగా కూడుకుంటామంటే మన సంఘాలు చోటు ఇచ్చి, ఆ తర్వాత పక్కకు తప్పుకోవాలి.

ఈ చర్చ ఎక్కడ మొదలైనా ముందు వినబడే మాట "మా ఇంటి మనిషిలాగే చూసుకుంటున్నాం" అని. పండక్కి బట్టలు పెడతారు, మిగిలిన బిర్యానీ డబ్బాలో సర్దిస్తారు, క్రిస్మస్‌కు గిఫ్ట్ కార్డు ఇస్తారు. అదంతా మంచి మనసుతో చేసేదేనని మాకు తెలుసు. కానీ ఇంటి మనిషి ఓవర్‌టైమ్ అడగలేదు. టైమయింది వెళ్తానని చెప్పలేదు. జ్వరం వస్తే ఆ రోజు జీతం సంగతి ఎత్తలేదు. ఆమె మీ ఇంటికి వస్తున్నది ఉద్యోగానికి. మీ కంపెనీ ఆఫర్ లెటర్ ఇవ్వకుండా "నిన్ను మావాడిలా చూసుకుంటాం, సోమవారం నుంచి రా" అంటే మీరెవరూ చేరరు.

ఈ పనికి కాగితం లేకపోవడానికి ఒక చరిత్ర ఉంది. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం ఇంటిపనివాళ్లనీ పొలం పనివాళ్లనీ బయట పెట్టింది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివాళ్లకు దొరికే పనులు ఎక్కువగా ఆ రెండే. ఆ ఒక్క మినహాయింపుతో దేశంలోని నల్లజాతి కార్మికుల్లో సుమారు మూడింట రెండు వంతుల మందికి పింఛను లేకుండా పోయింది. 1938 నాటి కనీస వేతన చట్టం కూడా వంటింటి దాకా రాలేదు. పింఛను విషయంలో 1950 సవరణతో తలుపు కొంచెం తెరుచుకుంది. కనీస వేతనం కోసం 1974 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సవరణ కోసం కాంగ్రెస్‌లో పట్టుబట్టినవాళ్లలో ముందున్న నల్లజాతి సభ్యురాలు షిర్లీ చిజమ్ తల్లి కూడా ఇళ్లలో పనిచేసిన మనిషే. అదే సవరణలో పెద్దవాళ్లకు 'తోడుగా' ఉండేవాళ్లకు వేతన రక్షణ లేదని ఇంకో మినహాయింపు దూర్చారు. దాన్ని అడ్డం పెట్టుకుని ఏజెన్సీలు నలభై ఏళ్లు కేర్‌గివర్లకు ఓవర్‌టైమ్ ఎగ్గొట్టాయి. 2013లో కార్మిక శాఖ నిబంధన మార్చింది, 2015 నుంచి అది అమల్లోకి వచ్చింది. 2025 జులైలో అదే శాఖ మళ్లీ పాత నిబంధనకు వెనక్కు వెళ్తామని ప్రతిపాదించింది. మీ నాన్నగారిని చూసుకోవడానికి ఏజెన్సీ పంపే ఆమె జీతం ఇలాంటి నిబంధనల మీద ఆధారపడి ఉంటుంది.

వీటన్నిటికంటే పెద్ద మినహాయింపు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. యూనియన్ పెట్టుకునే హక్కు ఇచ్చిన 1935 నాటి నేషనల్ లేబర్ రిలేషన్స్ చట్టం ఒక కుటుంబం తన ఇంట్లో పెట్టుకున్న పనివాళ్లకు వర్తించదు. అంటే మీటింగుకు వెళ్లిందన్న కారణంతోనే ఒక నానీని మర్నాడు మానిపించినా ఆ చట్టం కింద ఆమె ఫిర్యాదు చేసే వీల్లేదు. చట్టం ఇవ్వని రక్షణ మీరు ఇవ్వగలరు కాబట్టే ఈ లేఖ ప్రభుత్వానికి కాకుండా ముందు మీకు రాస్తున్నాం.

చట్టం లేకపోయినా వాళ్లు కూడుకున్నారు, అదీ ఇదే ఊళ్లో. 1881 జులైలో అట్లాంటా సమ్మర్‌హిల్ పేటలో 20 మంది చాకలి స్త్రీలు ఒక చర్చిలో సమావేశమై, డజను పౌన్ల బట్టలకు ఒక డాలర్ చొప్పున ఇవ్వాలని సమ్మెకు దిగారు. ఇంటింటికీ తిరిగి చెప్పుకుంటూ పోయారు. మూడు వారాల్లో వాళ్ల సంఖ్య 3,000కు చేరింది. అరెస్టులు చేశారు, జరిమానాలు వేశారు, ఏడాదికి 25 డాలర్ల లైసెన్సు పెడతామని నగర కౌన్సిల్ బెదిరించింది. 25 కాదు 50 అయినా కడతాం, కానీ ఊళ్లో బట్టలుతికే పనంతా మా అదుపులో ఉంటుందని వాళ్లు మేయర్‌కు ఉత్తరం రాశారు. లైసెన్సు ఆలోచనను కౌన్సిల్ మానుకుంది. వంటమనుషులు యజమాని వంటింట్లో ఒంటరిగా పనిచేస్తుంటే, చాకలివాళ్లు తమ పేటల్లోనే నీళ్లు తోడుకుంటూ పక్కపక్కన పనిచేసేవాళ్లు. రోజూ ఒకరికొకరు కనబడేవాళ్లు కాబట్టే అంత తొందరగా ఒక్కమాట మీదికి రాగలిగారు.

1968లో డొరతీ బోల్డెన్ అట్లాంటాలో నేషనల్ డొమెస్టిక్ వర్కర్స్ యూనియన్ ఆఫ్ అమెరికాను మొదలుపెట్టారు. తొమ్మిదేళ్ల వయసు నుంచి ఆమె ఇదే పని చేసిన మనిషి. ఇంటిపనివాళ్లందరూ ఒకచోట దొరికేది పొద్దున్నా సాయంత్రమూ సిటీ బస్సులోనే. ఆమె ఆ బస్సులెక్కి, సీటు పక్కన కూర్చుని, నీకెంత ఇస్తున్నారు, ఎన్ని గంటలు చేస్తున్నావు అని అడిగి సంఘం కట్టారు. సభ్యత్వానికి ఒక డాలర్ కట్టాలి, ఓటరుగా నమోదు కావాలి. రోజుకూలి ఎంతో, దాని మీద బస్సు చార్జీ ఎంతో యూనియన్ నిర్ణయించి, అంతకంటే తక్కువకు వెళ్లొద్దని సభ్యులకు చెప్పేది. జీతం ఎలా మాట్లాడుకోవాలో నేర్పేది, పనులు కూడా చూపించేది. 1970ల్లో వేలమంది సభ్యులతో అది నగర రాజకీయాల్లో మాట చెల్లే సంఘమైంది.

ఇప్పుడు మన ఇళ్లున్న చాలా చోట్లకు ఆ బస్సు రాదు. 1971లో మార్టా రవాణా వ్యవస్థను గ్విన్నెట్ కౌంటీ ఓటర్లు తిరస్కరించారు. 2019లో మళ్లీ మార్టాను, 2020లో రవాణా విస్తరణ పన్నును కాదన్నారు. రైలు నార్త్ స్ప్రింగ్స్ దగ్గర ఆగిపోతుంది. కమ్మింగ్ ఉన్న ఫోర్సైత్ కౌంటీ మార్టాలో లేనే లేదు. ఆ కౌంటీకి ఇంకో గతం ఉంది, అక్కడ ఇల్లు కొన్న ప్రతి తెలుగు కుటుంబం తెలుసుకోవాల్సింది. 1912లో అక్కడి నల్లజాతి కుటుంబాలను, వెయ్యిమందికి పైగా జనాన్ని, కౌంటీ దాటేదాకా తరిమేశారు. వాళ్ల ఇళ్లూ చర్చిలూ తగలబడ్డాయి, భూములు చేతులు మారాయి. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ అక్కడ పాదయాత్ర చేస్తే రాళ్లతో కొట్టారు. వారం తర్వాత సుమారు ఇరవై వేల మంది వచ్చి నడిచారు. ఈరోజు మన పిల్లల్ని చూసుకోవడానికి అట్లాంటాకు దక్షిణాన ఉన్న క్లేటన్ కౌంటీ నుంచి కమ్మింగ్ వచ్చే ఆమె ఒకవైపే 50 మైళ్లకు పైగా కారు నడుపుతుంది. రానూపోనూ సుమారు నాలుగు గ్యాలన్ల పెట్రోలు, ట్రాఫిక్‌ను బట్టి రెండున్నర మూడు గంటలు. ఆ ప్రయాణంలో తనలాంటి ఇంకో మనిషి పక్కన కూర్చునే వీలే లేదు. ఒప్పందంలో ప్రయాణ ఖర్చు అనే గడి ఉండాలని మేం అనేది ఇందుకే. బోల్డెన్ అడిగిన బస్సు చార్జీకి ఇది ఇప్పటి రూపం.

ఇక ఒప్పందంలో ఏముండాలో చెబుతాం. రెండు పేజీలకు మించక్కర్లేదు. గంటకు ఎంత, వారానికి ఎన్ని గంటలు, 40 దాటిన గంటకు ఎంత అన్న మూడూ విడివిడిగా రాయాలి. "వారానికి వెయ్యి" అని ఒక్క మొత్తం రాసుకోవడం దగ్గరే చాలా ఇళ్లలో తగువు మొదలవుతుంది. ఉదయం ఏడున్నర నుంచి సాయంత్రం అయిదున్నర దాకా, అయిదు రోజులు అంటే 50 గంటలు. గంటకు 20 డాలర్లయితే మొదటి 40 గంటలకు 800, తర్వాతి 10 గంటలకు ఒకటిన్నర రెట్లు చొప్పున 300, మొత్తం 1,100. చాలామంది 50ని 20తో గుణించి వెయ్యి చేతిలో పెడతారు. వారానికి 100 తగ్గింది. 50 వారాలకు అది 5,000. ఫెడరల్ చట్టం కింద రెండేళ్ల బకాయి అడగొచ్చు, తెలిసీ ఎగ్గొట్టారని తేలితే మూడేళ్లది. దానికి సమానమైన మొత్తం నష్టపరిహారంగా కూడా పడవచ్చు. అంటే రెండేళ్లకు 20,000, మూడేళ్లకు 30,000, పైగా ఆమె లాయరు ఫీజు. జార్జియా రాష్ట్ర కనీస వేతనం కాగితం మీద 5 డాలర్ల 15 సెంట్లే అయినా, వారంలో ఎనిమిది గంటలకు మించి పనిచేసే నానీకి వర్తించేది ఫెడరల్ 7 డాలర్ల 25 సెంట్లు. ఆ రెండూ ఈ ఊళ్లో బతకడానికి చాలవు. కనీస వేతనం చూపించి బేరం మొదలుపెట్టడం మానండి.

గంటల పట్టిక ప్రతి శుక్రవారం ఇద్దరూ సంతకం చేసి, చెరో కాపీ ఉంచుకోవాలి. జీతాల లెక్కలు మూడేళ్లు దాచిపెట్టాల్సిన బాధ్యత చట్టప్రకారం యజమానిదే. మీ దగ్గర లెక్క లేకపోతే, గొడవ వచ్చిన రోజున ఆమె తన నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్కకే బలం ఉంటుంది.

మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. ఆన్‌లైన్‌లో దొరికే నమూనా ఒప్పందాల్లో అవి కనబడవు. మొదటిది ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చే ఆరు నెలలు. అప్పుడు రెండింట్లో ఒకటి జరుగుతుంది. "అమ్మ చూసుకుంటుంది కదా" అని నానీని ఆర్నెల్లు రావద్దంటారు, ఆమె అద్దె ఎలా కట్టుకోవాలో ఎవరూ అడగరు. లేదా ఆమె బిడ్డతోపాటు పెద్దవాళ్ల బట్టలూ మందులూ మధ్యాహ్నం భోజనమూ చూడాల్సి వస్తుంది, జీతం మాత్రం అంతే ఉంటుంది. రెండోది డిసెంబర్లోనో వేసవిలోనో మీరు ఇండియా వెళ్లే నాలుగైదు వారాలు. ఈ రెంటికీ మందు ఒకటే, గ్యారంటీ గంటలు. ఏడాదిలో 52 వారాలకూ ఒప్పుకున్న గంటల జీతం ఇస్తామని, మీ వైపు నుంచి అవసరం లేని రోజులకు కూడా ఇస్తామని రాయాలి. మీ ఊరి డేకేర్ మీరు సెలవు పెట్టిన వారానికి ఫీజు తగ్గించదు. ఆమె విషయంలో మాత్రం తగ్గించాలని ఎందుకనుకుంటారు?

మూడోది పని పెరగడం. బారసాల, సత్యనారాయణ వ్రతం, పుట్టినరోజు. అరవై మంది వచ్చి వెళ్లాక పేపర్ ప్లేట్లు ఎత్తి, వంటిల్లు తుడవడం పిల్లను చూసుకునే మనిషి పని కాదు. ఏ పనులు చేస్తుందో ఒప్పందంలో పేరు పెట్టి రాయండి. మిగిలినదేదైనా ముందుగా అడిగి, వేరే రేటు మాట్లాడుకుని చేయించుకోవాలి, ఆమె కాదంటే వదిలేయాలి. ఆమె కారులో పిల్లల్ని స్కూలు నుంచి, కూచిపూడి క్లాసు నుంచి తెప్పించుకుంటున్నారా? మైలుకు డబ్బు కట్టాలి. 2025కి ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ పెట్టిన ప్రామాణిక రేటు మైలుకు 70 సెంట్లు.

రాత్రిళ్లు ఉండిపోయే కేర్‌గివర్ల దగ్గర ఇంకా ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. 24 గంటలు లేదా అంతకు మించిన డ్యూటీలో నిద్ర కింద గరిష్ఠంగా ఎనిమిది గంటలు తీసేయవచ్చు. అయితే ముందే ఒప్పుకుని ఉండాలి, సరైన పడక ఇవ్వాలి, కనీసం అయిదు గంటలు నిద్ర దక్కాలి. అయిదు గంటలైనా నిద్ర పట్టనివ్వకుండా లేపితే ఆ రాత్రంతా పని కిందే లెక్క. డిమెన్షియా ఉన్న పెద్దాయన రాత్రి నాలుగుసార్లు లేస్తారని తెలిసి కూడా "పడుకునేదే కదా" అని రోజుకు ఒక మొత్తం ఇవ్వడం వేతన దొంగతనం. ఇంట్లోనే ఉండే పనివాళ్లకు ఫెడరల్ చట్టంలో ఓవర్‌టైమ్ మినహాయింపు ఉంది, నిజమే. కనీస వేతనానికి మాత్రం లేదు. ఆ మినహాయింపును వాడుకోవద్దని మీకు మా విన్నపం.

పెద్దవాళ్లను మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు కేర్‌గివర్ల నడుములు పోతాయి. 80 కిలోల మనిషిని చంకల కింద చేతులు వేసి ఒక్కరే లేపడం ఇద్దరికీ ప్రమాదం. ట్రాన్స్‌ఫర్ బెల్టు కొనండి, అవసరమైతే పేషెంట్ లిఫ్ట్ తెప్పించండి, లేకపోతే రెండో మనిషి సాయం ఉండాలి. క్లీనింగ్‌లో ఇంకో ప్రమాదం ఉంది. పసుపు మరక పోవాలని బ్లీచ్ ఇస్తారు, పక్కనే అమ్మోనియా ఉన్న గాజు తుడిచే ద్రవమో, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనరో ఉంటుంది. అవి కలిస్తే ఊపిరితిత్తులను కాల్చే వాయువు పుడుతుంది. డబ్బాల మీద చీటీలు చింపి సీసాలు మార్చి పోయకండి. జార్జియాలో ముగ్గురికంటే తక్కువ మంది పనివాళ్లున్న యజమానికి, పనిలో గాయపడితే ఖర్చు భరించే వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా తప్పనిసరి కాదు. అంటే మీ ఇంట్లో ఆమె పడిపోతే ఆస్పత్రి ఖర్చు ఆమె నెత్తిన పడుతుంది, లేదా దావా రూపంలో మీ ఇంటి మీదికి వస్తుంది. ఇష్టపూర్వకంగా ఈ బీమా తీసుకోవచ్చు. మీ ఇంటి బీమా ఏజెంటును అడగండి.

ఇప్పుడు పన్నుల సంగతి. "క్యాష్ ఇస్తే ఆమెకే లాభం" అనేది రెండో పాత మాట. 2025 హద్దు ప్రకారం ఒక మనిషికి ఏడాదికి 2,800 డాలర్లు, అంతకు మించి ఇస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కట్టాలి. ఆ హద్దు ఏటా మారుతుంది. మీ వంతు 7.65 శాతం, ఆమె వంతు 7.65 శాతం. ఏ మూడు నెలల త్రైమాసికంలోనైనా 1,000 డాలర్లు, అంతకు మించి ఇస్తే నిరుద్యోగ పన్ను కూడా ఉంటుంది. రాష్ట్రానిది సకాలంలో కడితే ఫెడరల్‌ది మొదటి 7,000 మీద 0.6 శాతం, అంటే మనిషికి 42 డాలర్లు. దీనికి ఐఆర్ఎస్ వెబ్‌సైటులో ఈఐఎన్ అనే యజమాని గుర్తింపు నంబరు తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో కొన్ని నిమిషాల పని. పనిలో చేరిన మూడు పనిదినాల్లోపు ఆమెకు ఇక్కడ పనిచేసే అర్హత ఉందని సరిచూసే ఐ-9 ఫారం పూర్తి చేయాలి. జార్జియా కార్మిక శాఖ దగ్గర నమోదు కావాలి. జనవరి 31లోగా ఆమెకు ఏడాది జీతం, పన్నుల లెక్క చూపే డబ్ల్యూ-2 ఇవ్వాలి. ఏప్రిల్‌లో మీ ఆదాయపు పన్ను రిటర్ను 1040తో, ఇంటిపనివాళ్ల పన్నుల ఫారం షెడ్యూల్ హెచ్ జతచేయాలి. ఈ చాకిరీ మీవల్ల కాకపోతే చేసిపెట్టే పేరోల్ సర్వీసులు ఉన్నాయి. ఒకటి మాత్రం చేయకండి, నానీకి సొంతంగా పనిచేసే కాంట్రాక్టర్లకు ఇచ్చే 1099 ఫారం ఇవ్వకండి. ఎప్పుడు రావాలో, ఏం చేయాలో, ఎలా చేయాలో మీరు చెబుతున్నారంటే ఆమె ఉద్యోగి. తన సామాను తెచ్చుకుని, పది ఇళ్లకు తన పద్ధతిలో పనిచేసి పోయే క్లీనర్ విషయం వేరు.

క్యాష్ తీసుకుంటే ఆమె ఏం పోగొట్టుకుంటుందో మనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. సోషల్ సెక్యూరిటీకి 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగే వస్తాయి. హెచ్-1బీ మీద కట్టిన డబ్బు పదేళ్లు నిండక ముందే ఇండియా తిరిగి వెళ్లాల్సి వస్తే ఏమవుతుందోనని మనం కూడా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాం. పాతికేళ్లు పిల్లల్ని పెంచిన ఆమెకు ఆ ఖాతాలో పదేళ్లు కూడా కనబడకపోతే, 70 ఏళ్ల వయసులో కూడా వేరేవాళ్ల పిల్లల్ని ఎత్తుకు తిరగాలి. నిరుద్యోగ భృతి రాదు. అపార్ట్‌మెంట్ అద్దెకు అడిగితే ఆదాయం రుజువు ఉండదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు వచ్చే పన్ను క్రెడిట్ కూడా చేజారుతుంది. నష్టం మీకు కూడా ఉంది. పిల్లల సంరక్షణ ఖర్చు మీద పన్ను రాయితీ అడగాలంటే 2441 ఫారంలో ఆమె సోషల్ సెక్యూరిటీ నంబరు రాయాలి. పౌరసత్వం కోసం నింపే ఎన్-400 బకాయి పడ్డ పన్నుల గురించి అడుగుతుంది. ఆమె ఎప్పుడైనా నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టిన రోజు, మీ పేరు రాష్ట్రం ముందుకు దానంతటదే వస్తుంది.

వాట్సాప్ గ్రూపుల గురించి ఒక మాట. "మన ఏరియాలో ఎవరూ గంటకు ఇంతకు మించి ఇవ్వొద్దు, రేట్లు పాడుచేయొద్దు" అన్న మెసేజీలు తిరుగుతున్నాయి. యజమానులు కూడబలుక్కుని కూలి కట్టడి చేయడం పోటీ చట్టాల కిందకు వచ్చే నేరం కావచ్చు. ఇంకా బాధ కలిగించేవి "నానీ కావాలి, బ్లాక్స్ వద్దు" అనే ప్రకటనలు. ఇంటి యజమానికి వివక్ష చట్టం వర్తించదని చాలామంది నమ్మకం. 15 మంది ఉద్యోగులుంటేనే వర్తించే 1964 చట్టం గురించైతే అది నిజం. అయితే బానిసత్వం రద్దయిన వెంటనే 1866లో వచ్చిన పౌరహక్కుల చట్టం ఒకటుంది, ఇప్పుడు సెక్షన్ 1981 అని పిలిచేది. జాతి కారణంగా ఒప్పందం నిరాకరించకూడదని అది చెబుతుంది, ఉద్యోగుల సంఖ్యతో దానికి పని లేదు. పిల్లకు తెలుగు మాట్లాడే మనిషి కావాలని అడగడం వేరు, నల్లజాతి మనిషి వద్దనడం వేరు. గ్రూపుల అడ్మిన్లు అలాంటి పోస్టులు కనబడిన వెంటనే తీసేయాలి.

చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పక తప్పనిది ఇంకొకటి. కొన్ని ఇళ్లలో ఆమెకు వేరే గ్లాసు, వేరే ప్లేటు, బేస్‌మెంట్‌లో ఉన్న బాత్రూమ్. మన ఊళ్లలో హోటళ్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి మీద దళితులు చేసిన పోరాటాలు మనకు తెలుసు. ఈ దక్షిణాది రాష్ట్రాల్లో కూడా తెల్లవాళ్ల ఇళ్లలో పనిమనిషికి వేరే మరుగుదొడ్డి ఉండేది. రెండు చోట్లా పోగొట్టుకోవాల్సిన అలవాటును ఇక్కడ మళ్లీ కలిపి కట్టుకోకండి. ఇంట్లో మాంసం తేకూడదనే నియమం ఉంటే చేరకముందే చెప్పండి, అరగంట జీతంతో భోజన విరామమూ, కూర్చుని తినడానికి మంచి చోటూ చూపించండి. కెమెరాలు ఎక్కడున్నాయో రాతలో చెప్పండి. ఆమె పడుకునే గదిలో, బాత్రూమ్‌లో ఉండకూడదు. పాస్‌పోర్టు, మరే గుర్తింపు కాగితమైనా మీ దగ్గర ఎప్పుడూ ఉంచుకోవద్దు. ఇమిగ్రేషన్‌కు ఫోన్ చేస్తానని బెదిరించడం ఎంత కోపంలోనైనా నోట రాకూడదు. పత్రాలు లేని మనిషికి కూడా చేసిన పనికి జీతం చట్టప్రకారం రావాల్సిందే.

ఇప్పుడు కార్యవర్గాలకు ప్రత్యేకంగా. ఇంటిపనివాళ్ల జాతీయ కూటమి అయిన నేషనల్ డొమెస్టిక్ వర్కర్స్ అలయన్స్ పుట్టింది 2007లో అట్లాంటాలోనే. నల్లజాతి ఇంటిపనివాళ్ల కోసం దానికి 'వి డ్రీమ్ ఇన్ బ్లాక్' అనే విభాగం ఉంది, జార్జియాలో పనిచేస్తోంది. మీరు కొత్త సంఘం పెట్టక్కర్లేదు, పెట్టకూడదు కూడా. యజమానులు పెట్టిన సంఘంలో పనివాళ్లు నోరు విప్పరు. మీ దగ్గర ఉన్నది హాలు. ఆదివారం మధ్యాహ్నమో, వారం మధ్యలో రాత్రి ఏడు తర్వాతో నెలకు ఒకసారి ఉచితంగా ఇవ్వండి. సంతకాల పుస్తకం పెట్టొద్దు, ఫొటోలు తీయొద్దు, యజమానులెవరూ ఆ హాల్లో ఉండొద్దు. వచ్చేవాళ్లకు కూడా పిల్లలుంటారు, వాళ్ల కోసం పక్క గదిలో ఇద్దరు వాలంటీర్లు చాలు. వేదిక మీదికి పిలిచి శాలువా కప్పే కార్యక్రమం వద్దు. బోల్డెన్ యూనియన్ 1970లో మొదలుపెట్టిన 'మెయిడ్స్ ఆనర్ డే' అనే సన్మానం పనివాళ్ల సంఘం తానే నిర్వహించినది. యజమానులు కప్పే శాలువాకు అంత గౌరవం రాదు.

మీటింగుకు వెళ్లినందుకు, జీతం అడిగినందుకు, వేరే ఇంటి పనిమనిషితో రేటు చెప్పుకున్నందుకు ఎవరినీ పనిలోంచి తీసేయబోమని మీ సభ్య కుటుంబాల చేత సంతకం చేయించండి. అందులోనే ఇంకో వాక్యం చేర్చండి. పని ముగిసినప్పుడు రెండు వారాల ముందు నోటీసు, ఇంట్లో ఉండే మనిషికైతే నాలుగు వారాలు, వారం లోపల రాతపూర్వక రిఫరెన్సు. మంచి రిఫరెన్సు ఆపేస్తారన్న భయంతోనే ఎక్కువమంది నోరు మూసుకుంటారు. ఈ నోటీసు గడువులు మేం ఊహించి పెట్టినవి కావు, 2024 జులై నుంచి న్యూజెర్సీలో ఉన్న చట్టంలోవే. ఎడిసన్‌లో ఉన్న మీ బంధువులు ఇప్పటికే ఆ చట్టం కింద ఉన్నారు. నెలకు అయిదు గంటలు దాటిన పనికి అక్కడ రాత ఒప్పందం తప్పనిసరి. న్యూయార్క్ 2010లోనే ఇలాంటి మొదటి చట్టం తెచ్చింది. కరీబియన్, లాటిన్ అమెరికన్, ఆసియా నానీలు పార్కుల్లో ఒకరినొకరు పలకరించుకుంటూ కట్టిన డొమెస్టిక్ వర్కర్స్ యునైటెడ్ ఏళ్ల తరబడి తిరిగితే వచ్చింది అది.

జార్జియాలో ఏమీ లేదు. శాసనసభ జనవరి రెండో సోమవారం మొదలై 40 పనిదినాలే నడుస్తుంది. 28వ రోజులోగా ఒక సభ దాటని బిల్లు ఆ ఏటికి ఆగిపోయినట్టే. కాబట్టి మీ జిల్లా ప్రతినిధితో, సెనేటర్‌తో మాట్లాడాల్సింది అక్టోబర్, నవంబర్‌లలో. సంక్రాంతి సంబరాలకు వాళ్లను వేదిక మీదికి పిలిచినప్పుడు కాదు. రాత ఒప్పందం, జీతంతో సెలవు, నోటీసు, కాంపెన్సేషన్ బీమా, వేధింపుల నుంచి రక్షణ అని అయిదు విషయాలు చెప్పండి. యజమానులే వచ్చి ఈ చట్టం కావాలని అడిగితే ఆ మాటకు బరువుంటుంది. న్యూయార్క్‌లో కొందరు యజమానులు అలా పనివాళ్ల పక్కన నిలబడ్డారు.

పన్నుల సీజన్‌లో మీరు పెట్టే సదస్సులో షెడ్యూల్ హెచ్‌కు అరగంట కేటాయించమని, ఒప్పందం నమూనాను, ప్రతీకారం ఉండదన్న హామీ పత్రాన్ని, హాలు తీర్మానాన్ని వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలో పెట్టమని కోరుతున్నాం. నమూనా సిద్ధం చేశాక సభ్యులకు పంపకముందే దాన్ని ఆ పనిచేసే మహిళలకు చూపించి, వాళ్లు మార్చమన్నది మార్చండి. హైతీ నుంచి వచ్చినవాళ్ల కోసం క్రియోల్ అనువాదం కూడా జతచేయండి. ఏ నెలలో ఏది మొదలుపెడతారో మీ జవాబులో రాయండి.

ఇట్లు,
అట్లాంటా పరిసరాల్లో ఇంటిపనివాళ్ల హక్కుల కోసం పనిచేస్తున్న కొందరు తెలుగువాళ్లం